ఎవరు చదవాలని ఈ థీసిస్?

(ఆచార్య వులిమిరి రామలింగస్వామి గారి స్మృతిలో చేసిన ఉపన్యాసానికి అచ్చు పాఠం)



రామలింగస్వామి గారి జీవిత విశేషాలు ఆహ్వానపత్రం వెనక అచ్చు వేశారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టడం, ఆంధ్ర మెడికల్ కాలేజీలో 1944లో ఎంబీబీఎస్, 1946లో ఎండీ, ఆక్స్‌ఫర్డ్ డాక్టరేట్, కూనూరు పోషకాహార పరిశోధనశాల, ఢిల్లీ ఎయిమ్స్‌లో పెథాలజీ, ఆ సంస్థకు పదేళ్ల డైరెక్టర్ పదవి, 1979 నుంచి 1986 దాకా ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్. మీరంతా చదివే ఉంటారు కనుక వాటినక్కడ వదిలేసి, ఆయన చేసిన ఒక్క పనిని పట్టుకుంటాను. ఈ సాయంత్రం మాట్లాడబోయేది పీజీ థీసిస్ గురించి. ఆ పనికీ దీనికీ ఏం సంబంధమో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కాంగ్రా లోయ అప్పట్లో పంజాబ్‌లో ఉండేది, ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. 1950ల నడుమ అక్కడ పది మందిని వరసగా నిలబెడితే దాదాపు నలుగురికి గొంతు దగ్గర గాయిటర్ వాపు కనిపించేది. సూచ్, రామలింగస్వామి, వారి సహచరులు లక్ష పైచిలుకు జనం ఉన్న ఆ ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. 1956 నుంచి ఒక భాగానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, ఇంకో భాగానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు, మిగిలిన భాగానికి మామూలు ఉప్పు అందేలా చూశారు. 1962లో మళ్లీ మెడలు తడిమి చూస్తే, అయొడిన్ ఉప్పు తిన్న రెండు చోట్లా వాపు సుమారు సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు తిన్న చోట ఉన్నది ఉన్నట్టే ఉంది. దేశంలో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైందీ ఆ 1962లోనే.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పకుండా ముందుకు పోలేను. మామూలు ఉప్పు తిన్న మూడో భాగం ప్రజలను అలా ఆరేళ్లు ఉంచడానికి నేటి ఎథిక్స్ కమిటీ ఏదీ తేలిగ్గా ఒప్పుకోదు. ఆ తర్వాత వారికీ అయొడిన్ ఉప్పే ఇచ్చారన్నది నిజమే, అయినా ప్రశ్న ప్రశ్నే. మనుషులపై పరిశోధనకు ఉండాల్సిన నైతిక సూత్రాలపై ఐసీఎంఆర్ తొలి విధాన పత్రం 1980లో, రామలింగస్వామి గారు దాని అధిపతిగా ఉన్న రోజుల్లో వచ్చింది. దీన్ని ఆయన గొప్పతనం కింద రాయాలో, ఆ తరం తన పనిని తానే తిరిగి చూసుకోవడం కింద రాయాలో మీరే తేల్చుకోండి.

కాంగ్రా పనిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది దాని పరిమాణం కాదు. ఉప్పులో అయొడిన్ కలపాలా వద్దా, కలిపితే అయొడైడా అయొడేటా అన్నది ఎవరో ఒకరు తేల్చుకుని, డబ్బు ఖర్చుపెట్టి, అమలుచేయాల్సిన విషయం. ప్రశ్న వేసేనాటికే జవాబు కావలసినవాళ్లు ఉన్నారు. జవాబు వచ్చాక అది వెళ్లి చేరే చోటూ ఉంది.

ఇప్పుడు మన పిల్లల థీసిస్ దగ్గరికి వద్దాం.

ఎండీలోనో ఎంఎస్‌లోనో చేరిన ఫస్టియర్ పీజీ సాధారణంగా ఆరు నెలలు తిరక్కుండానే థీసిస్ ప్రణాళిక, అంటే సినాప్సిస్, ఇచ్చేయాలి. అప్పటికి అతనికి తెలిసిందల్లా బ్లడ్ బ్యాంకు ఏ బ్లాకులో ఉందో, రాత్రి రెండింటికి సీటీ తీయించాలంటే ఎవరిని బతిమాలాలో, అంతే. రోగుల్ని చూసి చూసి ఒక సందేహం పుట్టేంత కాలం ఇంకా గడవలేదు. సందేహం పుట్టనివాడు ప్రశ్న ఎక్కణ్ణుంచి తెస్తాడు? సీనియర్ల దగ్గర ఒక జాబితా ఉంటుంది. వేరే యూనివర్సిటీలో ఎప్పుడో ఆమోదం పొందిన శీర్షికలో ఊరి పేరు మారుతుంది. దాన్ని రౌండ్స్ నడుమ గైడ్ గారికి చూపిస్తాడు. "ఎన్ని కేసులు?" అంటారాయన. "యాభై సార్." "వంద రాయి." సినాప్సిస్ అయిపోయింది.

తర్వాత కేసుల వేట. ఫైనలియర్ దగ్గరపడేసరికి కేస్ షీట్ల కోసం రికార్డ్స్ సెక్షన్ చుట్టూ ప్రదక్షిణలు. మాస్టర్ చార్ట్ నింపి, లెక్కలు చేసిపెట్టే మనిషికి ఎక్సెల్ షీట్ మెయిల్ చేస్తే, రెండు రోజుల్లో పట్టికలు, రంగురంగుల పై చార్టులు, పి-విలువలు తిరిగొస్తాయి. ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటకపోతే 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం శిక్ష లేదు. ఆ పదిలోపుకు దింపడానికి రివ్యూ ఆఫ్ లిటరేచర్‌లోని వాక్యాలన్నీ తలకిందులవుతాయి. చివరికి కాలేజీ గేటు ఎదుటి డీటీపీ షాపులో నల్ల అట్ట, బంగారు అక్షరాలు. ఏ యూనివర్సిటీకి ఎంత మార్జిన్ వదలాలో, ఏ సర్టిఫికెట్ తర్వాత ఏది రావాలో ఆ షాపు కుర్రాడికి తెలిసినంతగా మనలో ఎవరికీ తెలియదు.

అలా తయారైనదాన్ని ఎవరు చదువుతారు? భారత వైద్య మండలి (ఎంసీఐ) 2000 నాటి పీజీ నిబంధనలు దీనికి సమాధానం చెప్పాయి. రాతపరీక్షకు కనీసం ఆరు నెలల ముందు థీసిస్ అందాలి. కనీసం ముగ్గురు పరీక్షకులు చూడాలి, వారిలో ఇద్దరు బయటివాళ్లు. ఇద్దరు ఆమోదిస్తే అభ్యర్థి పరీక్షకు కూర్చోవచ్చు. అంటే చట్టం ముగ్గురు పాఠకుల్ని ఏర్పాటు చేసింది. ఆ ముగ్గురూ చదివేది ఆమోదించడానికో తిప్పి పంపడానికో. అందులోని జవాబు అవసరమై చదివేవారు వారిలో ఎవరూ లేరు. ఇక మిగిలేది గ్రంథాలయంలోని అద్దాల బీరువా, దాని తాళం.

పీజీలు బద్ధకిస్తున్నారని, దొంగ డేటా రాస్తున్నారని పెద్దలు చాలా సభల్లో విసుక్కుంటారు. రాసేవాళ్లు ఉన్నారు, కాదనను. అయితే ఎవరికీ అక్కర్లేని జవాబు కోసం మూడేళ్లు నిజాయతీగా శ్రమించమని ఇరవై ఆరేళ్ల కుర్రాణ్ణి అడుగుతున్నాం, అదీ ముప్పై ఆరు గంటల డ్యూటీ దిగి వచ్చాక. అడిగే హక్కు మనకుందా అన్నది ముందు చూసుకోవాలి.

కేసుల సంఖ్య దగ్గర కాసేపు ఆగుదాం. ఎక్కువ నష్టం జరుగుతున్నది అక్కడే. పొట్ట ఆపరేషన్ తర్వాత కుట్ల దగ్గర చీము పట్టడం మీ వార్డులో 10 శాతం అనుకోండి. కొత్త పద్ధతితో అది 5 శాతానికి దిగుతుందేమో చూడాలని మీ పీజీకి అనిపించింది. మంచి ప్రశ్న. అంత తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతమన్నా ఉండాలంటే, ఒక్కో గుంపులో 430 మందికి పైగా రోగులు కావాలి. మనం రాయించేది యాభై, యాభై. ఒకవైపు ఐదుగురికి చీము పడుతుంది, ఇంకోవైపు ఇద్దరికో ముగ్గురికో. పి-విలువ 0.05 దాటుతుంది. "రెండు పద్ధతులూ సమానమే" అని కంక్లూజన్ రాసేస్తాం. తేడా ఉన్నా కనబడని చోట వెతికి, లేదని సంతకం పెట్టాం. ఆ కొత్త పద్ధతి నిజంగానే మంచిదైతే మన థీసిస్ దానికి అన్యాయం చేసింది, ఆ వంద మందినీ ఊరికే ఇబ్బంది పెట్టింది.

దీనికి చుట్టరికం ఉన్న లెక్క మరొకటి ఉంది. "60 మందికి ఈ మందు ఇచ్చాం, ఒక్కరికీ దుష్ఫలితం రాలేదు, కనుక పూర్తిగా సురక్షితం." ఇలాంటి వాక్యం వైవాలో మీరూ విని ఉంటారు. ఒక్కటీ జరగనప్పుడు వేసుకోవాల్సిన లెక్క చాలా సులువు: మూడును రోగుల సంఖ్యతో భాగించండి. మూడు బై అరవై అంటే 5 శాతం. 60 మందిలో ఒక్కరికీ రాకపోయినా, అసలు రేటు వందకు ఐదు దాకా ఉండే వీలుంది. వందకు ఐదుగురిని దెబ్బతీసే మందును సురక్షితం అనగలమా?

మరి యాభై, వంద కేసులతో చేయగలిగిందేమీ లేదా? బోలెడుంది. మన క్యాజువాలిటీకి గుండెపోటుతో వచ్చేవాళ్లలో ఎంతమంది పన్నెండు గంటలు దాటాక వస్తున్నారు? వంద మందిని వరసగా, ఎవరినీ వదలకుండా రాసుకుంటే, జవాబు 20 శాతం అని తేలితే, నిజం సుమారు 12కూ 28కీ మధ్య ఎక్కడో ఉంటుంది. పల్లెల్లో ఈసీజీ యంత్రాలు ఎక్కడ పెట్టాలో ఆలోచించేవారికి అది సరిపోయే జవాబు. పురుగుమందు తాగినవాడు గేటు దాటాక మొదటి అట్రోపిన్ డోసు ఎన్ని నిమిషాలకు పడుతోంది? రాత్రుళ్లు ఆ నిమిషాలు పెరుగుతున్నాయా? మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏ ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో నిలబడినా ఈ ప్రశ్న కళ్లముందే ఉంటుంది. దీనికి ఖరీదైన కిట్లు అక్కర్లేదు. గడియారం, ఓపిక చాలు. అయినా ఇలాంటి సినాప్సిస్ తెస్తే "ఇందులో నావెల్టీ ఏముంది?" అని తిప్పి పంపే కమిటీలున్నాయి. నావెల్టీ పేరుతో ఏదో ఒక కొత్త బయోమార్కర్‌ను యాభై మందిలో కొలిపిస్తారు. కిట్టు ఖర్చు పీజీ స్టైపెండ్ నుంచే పోతుంది.

సంఖ్య పెద్దదైతే అన్నీ సరిపోతాయని కూడా అనుకోవద్దు. దీనికి మన హైదరాబాదే సాక్ష్యం. నిజాం కాలంలో అక్కడి వైద్యపాఠశాలను నడిపిన ఎడ్వర్డ్ లారీకి, క్లోరోఫాం ప్రాణం తీస్తే ఊపిరి ఆపి తీస్తుందే తప్ప గుండెను నేరుగా దెబ్బతీయదని గట్టి నమ్మకం. ఎడిన్‌బరోలో తన గురువు సైమ్ దగ్గర నేర్చుకున్న పాఠం అది. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఆ నమ్మకమే నిజమని తేల్చింది. లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. దాంతో నిజాం ప్రభుత్వం 1000 పౌండ్లు ఇచ్చి, పత్రిక తరఫున లాడర్ బ్రంటన్‌ను లండన్ నుంచి పిలిపించింది. 1889లో రెండో కమిషన్ వందల జంతువులపై ప్రయోగాలు చేసి మళ్లీ అదే చెప్పింది. అప్పటిదాకా వేరే అభిప్రాయంతో ఉన్న బ్రంటన్ కూడా వారితో ఏకీభవించాడు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాల్లో అసలు సంగతి బయటపడింది: మత్తు తేలికగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి హఠాత్తుగా చంపగలదు. హైదరాబాదులో జంతువుల కొరత లేదు, డబ్బు కొరత లేదు, లండన్ పరిశీలకుడూ ఉన్నాడు. తెరిచి ఉంచిన ప్రశ్న ఒక్కటే లేదు. గైడ్ గారికి ముందే తెలిసిన జవాబును రుజువు చేయడానికి కూర్చున్న పీజీ పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉండదు.

ఇప్పుడు దీనికి ఎదురుగా ఒక చిన్న కథ. 1904 చివర్లో షికాగో ప్రెస్బిటేరియన్ ఆసుపత్రిలో ఎర్నెస్ట్ ఐరన్స్ అనే ఇంటర్న్ ఒక రోగి రక్తాన్ని మైక్రోస్కోప్ కింద చూశాడు. రోగి వాల్టర్ క్లెమెంట్ నోయెల్, గ్రెనడా దీవి నుంచి దంతవైద్యం చదవడానికి వచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రాడు. ఎర్రకణాలు కొన్ని కొడవలి ఆకారంలో వంగి ఉన్నాయి. ఐరన్స్ వాటి బొమ్మ గీసి, తన పైడాక్టర్ జేమ్స్ హెరిక్‌కు చూపించాడు. హెరిక్ ఆ రోగిని ఏళ్లపాటు గమనించి, 1910లో ప్రచురించాడు. సికిల్ సెల్ వ్యాధికి పాశ్చాత్య వైద్య సాహిత్యంలో తొలి వర్ణన అదే. ఇవాళ పాడేరు ఏజెన్సీలో మనం రక్తపరీక్షలు చేసి వెతుకుతున్నది ఆ కొడవళ్లనే. చూసింది జూనియర్, తొందరపడకుండా వెంటపడింది సీనియర్. పేపర్ మీద పేరు మాత్రం ఒక్క హెరిక్‌దే.

పేర్ల సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. 2015లో ఎంసీఐ అధ్యాపకుల ప్రమోషన్లకు పరిశోధన పత్రాల లెక్క పెట్టినప్పుడు, మొదటి ఇద్దరు రచయితలకే గుర్తింపు అంది. ఆ తర్వాత ఆ లెక్కను మారుస్తూ వచ్చారు. ఈ లెక్క వచ్చాక పీజీ థీసిస్‌ నుంచి తీసిన పత్రంలో పీజీ పేరు ఎన్నో స్థానానికి జారిందో ఇక్కడున్న పిల్లల్ని అడగండి, ఇప్పుడు వద్దు, టీ దగ్గర. అటువైపు పీజీ మీద కూడా 2000 నిబంధనలు ఒక పోస్టర్, ఒక పేపర్ చదవడం, ఒక పత్రం ప్రచురణకు పంపడం తప్పనిసరి చేశాయి. ఇద్దరికీ ఒకేసారి అవసరం పడితే సరుకు అమ్మేవాడు పుట్టుకొస్తాడు. డబ్బు కడితే వారంలో అచ్చువేసే జర్నల్స్ అలాగే వచ్చాయి. 2023 నాటి కొత్త పీజీ నిబంధనలు ఆ పట్టు సడలించి, ప్రదర్శనో ప్రచురణో ఏదో ఒకటి చాలన్నాయి. ప్రమాణాలు దిగజార్చారని కొందరు బాధపడ్డారు. నాకైతే అది సరైన పనే అనిపిస్తుంది. బలవంతంగా రాయించిన పత్రాలు తగ్గితే వైద్యశాస్త్రానికి వచ్చే లోటేమీ లేదు. వైద్యంలో నాసిరకం పరిశోధన ఇంత ఎందుకు పుడుతోందో, ఉద్యోగం కోసం చేసే పరిశోధన దానికి ఎలా కారణమో బ్రిటన్ గణాంకవేత్త డగ్లస్ ఆల్ట్‌మన్ బీఎంజేలో 1994లోనే రాశాడు.

నిజానికి మన దేశపు వైద్య కళాశాలల అసలు లెక్క చూస్తే గుండె జారిపోతుంది. సమీరన్ నందీ, ఆయన సహచరులు 2005 నుంచి 2014 దాకా 579 వైద్య సంస్థల ప్రచురణలు లెక్కపెట్టి 2016లో ప్రకటించారు. ఏడాదికి వందకు మించి పత్రాలు తెచ్చినవి 25. ఆ పదేళ్లలో ఒక్కటంటే ఒక్క పత్రం లేనివి 332, అంటే 57 శాతానికి పైగా. అలాంటి చోట కూడా పీజీలుంటే, ప్రతి పీజీకీ థీసిస్ ఉంటుంది, గైడ్ ఉంటాడు. ఈత రానివాడు గట్టు మీద నిలబడి నేర్పుతున్నాడన్నమాట. ప్రతి పీజీ ఇప్పుడు చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ (ఎన్ఐఈ) నడిపే ఆన్‌లైన్ పరిశోధన పద్ధతుల కోర్సు పూర్తిచేయాలి. కోర్సు బాగుంటుంది, నేను చూశాను. అయితే ఆ కోర్సు అవసరం శిష్యుడి కంటే గురువుకే ఎక్కువున్న విభాగాలు కొన్నుంటాయి.

ఇక, చిన్న సంఖ్యల చిక్కు విప్పడానికి మనవాళ్లే చేయగలిగిన పద్ధతి ఒకటుంది. ఇంగ్లండ్‌లో వెస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతపు సర్జరీ ట్రైనీలు 2007లో ఒక కూటమి కట్టుకున్నారు. వాళ్లూ మన పీజీల్లాగే ఆరు నెలలకోచోట తిరిగేవాళ్లే, రాత్రి డ్యూటీలు చేసేవాళ్లే. ఒకడు బదిలీ అయితే అక్కడికి వచ్చినవాడు పని అందుకుంటాడు. ఆ కూటమి నడిపిన రోసినీ ట్రయల్ ప్రశ్న ఇది: పొట్ట తెరిచినప్పుడు గాయం అంచులకు తొడిగే ప్లాస్టిక్ కవచం చీమును ఆపుతుందా? 21 ఆసుపత్రులు, 760 మంది రోగులు. కవచం వేసినవాళ్లలో 24.7 శాతానికి, వేయనివాళ్లలో 25.4 శాతానికి చీము పట్టింది. ఉపయోగం లేదని 2013లో బీఎంజేలో ప్రకటించారు. ఒక ఖరీదైన వస్తువు కొననక్కర్లేదని తేల్చిన పని అది, చేసింది శిక్షణలో ఉన్నవాళ్లు. 760ని 21తో భాగించి చూడండి. ఆసుపత్రికి ముప్పై ఆరుగురు. మన పీజీ ఒంటరిగా యాభై మందిని పోగుచేయడానికి పడే పాట్ల కంటే తక్కువ.

ఈ విషయంలో మనకొక అనుకూలత ఉంది, ఎవరూ వాడుకోవడం లేదు. ఆంధ్రప్రదేశ్ కళాశాలలు చాలావరకు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద, తెలంగాణవి వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. ఒక్కో రాష్ట్రంలో సినాప్సిస్‌లు దాదాపు అన్నీ చేరేది ఒకే గుమ్మానికి. ఒక స్పెషాలిటీకి ఏడాదికి ఒక్క ఉమ్మడి ప్రోటోకాల్ తయారుచేసి, ఇష్టమున్న పీజీలు పది పదిహేను కాలేజీల్లో ఒకేలా కేసులు రాసుకుంటే, ప్రతివాడూ తన ఆసుపత్రి సంగతి తన థీసిస్‌గా రాసుకోవచ్చు, అన్నీ కలిపినప్పుడు అసలు జవాబూ వస్తుంది. రోగులను చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (సీటీఆర్ఐ)లో నమోదు చేయించాలి. 2007లో మొదలైన ఆ రిజిస్ట్రీ 2018 ఏప్రిల్ నుంచి పని మొదలయ్యాక తెచ్చేవాటిని తీసుకోవడం మానేసింది. ఇది పీజీ థీసిసా అని అడిగే గడి కూడా దాని ఫారంలో ఉంది. ముందే ఏం వెతుకుతానన్నాడో లోకానికి తెలిస్తే, చివర్లో ప్రశ్న మార్చే వీలుండదు.

ఇప్పుడు రామలింగస్వామి గారి జిల్లాకు వస్తాను. ఉద్దానాన్ని ఈ సభలో ఎవరికీ పరిచయం చేయనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస వైపు కొబ్బరి, జీడితోటల్లో పనిచేసేవాళ్ల మూత్రపిండాలు షుగరూ బీపీ లేకుండానే ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఒక్క మాటలో చెప్పలేం. అక్కడికి వెళ్లి క్యాంపు పెట్టి, ఒక రోజు రక్తం తీసి, క్రియాటినిన్ కొలిచి, ఇంత శాతానికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అని రాసేయడం థీసిస్‌కు సులువైన దారి. కానీ ఆ రోగ నిర్వచనంలోనే మూడు నెలల షరతు ఉంది. లోపం మూడు నెలలకు మించి నిలిస్తేనే దీర్ఘకాలిక వ్యాధి. మధ్యాహ్నం ఎండలో తోటపని చేసి, నీళ్లు తాగకుండా క్యాంపుకొచ్చినవాడి క్రియాటినిన్ ఆ పూటకు పెరిగి ఉండొచ్చు. మర్నాడు తెల్లవారి తీస్తే దిగొచ్చు. ఒక్క నమూనాతో రోగుల సంఖ్య ఉబ్బుతుంది. మరోవైపు, కండ తక్కువున్న సన్నటి మనుషుల్లో క్రియాటినిన్ తక్కువగానే ఉంటుంది కనుక, వేరే దేశాల జనాభా మీద కట్టిన ఫార్ములాలు వాళ్ల కిడ్నీ ఉన్నదానికంటే బాగా పనిచేస్తున్నట్టు చూపిస్తాయి. రెండు తప్పులూ ఎదురెదురు దిక్కుల్లో లాగుతుంటాయి. ఎంత లాగుతున్నాయో కొలిచి చెప్పడమే ఒక మంచి థీసిస్.

ఇక్కడ ఒక యోగం కుదిరింది. పీజీలంతా మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన వచ్చింది కదా, డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ ప్రోగ్రాం. దాన్ని చాలామంది శిక్షగా చూస్తున్నారు, లైబ్రరీకి దూరమని, పరీక్షకు చదువు సాగదని. శ్రీకాకుళం జిల్లాకు వెళ్లిన పీజీ మొదటి వారంలో నమూనాలు తీసి, తిరిగొచ్చే ముందు అవే మనుషులకు, అదే వేళకు మళ్లీ తీస్తే, నిర్వచనం అడిగే వ్యవధి ఇంచుమించు పూర్తవుతుంది. నాలుగు రోజులు తక్కువపడితే వెనక వచ్చే పీజీ తీస్తాడు. ఇలా బ్యాచ్ వెంట బ్యాచ్ ఒకే మనుషుల జాబితాను అందుకుంటూ పోతే, పదేళ్లకు ఎవరి కిడ్నీ ఏ వేగంతో దిగిందో తెలిసే రికార్డు మన చేతిలో ఉంటుంది. మూడేళ్ల పీజీ పదేళ్ల ప్రశ్నకు జవాబు చెప్పలేడన్నది నిజం. పదేళ్ల ప్రశ్నలో మూడు నెలల ముక్కను అతను నిక్కచ్చిగా చేసిపెట్టగలడు.

అక్కడికి వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. ఉద్దానం ప్రజలు రక్తం ఇచ్చీ ఇచ్చీ విసిగి ఉన్నారు. వచ్చినవాళ్లు సూది గుచ్చి వెళ్తారు, రిపోర్టు ఎవరూ తెచ్చివ్వరు. అంగీకార పత్రం మీద వేలిముద్ర తీసుకునేది వైద్యం చేసే డాక్టరే అయినప్పుడు, వద్దనే ధైర్యం రోగికి ఎక్కడిది? "నాకేటి తెలుస్తాది బాబూ, మీరేటి సేస్తే అదే" అంటుంది ఒక ముసలమ్మ. దాన్ని అంగీకారంగా రాసుకోవడం చట్టానికి సరిపోవచ్చు. ఆ ఊరిలో పరిశోధన చేసేవాళ్లు కాగితం చదివి వినిపించే పనిని వైద్యం చేయని మరొక మనిషికి అప్పగించాలి. నర్సు కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు. ప్రతి మనిషికీ తన అంకె రాసిన చీటీ చేతికివ్వాలి. ఆ చీటీ ఇవ్వలేని అధ్యయనాన్ని ఎథిక్స్ కమిటీ ఆపేయాలన్నది నా అభిప్రాయం. కొందరు మిత్రులు ఇది మరీ కఠినం అంటారు.

పీజీలకు టైమెక్కడిది అనే ప్రశ్న మిగిలింది. నిజంగా లేదు. కాబట్టి సినాప్సిస్ గడువును మొదటి ఏడాది చివరికి జరపమని విశ్వవిద్యాలయాలను అడగాలి. అప్పటికి వార్డు చూసి ఉంటారు, రెండు మూడు సందేహాలు సొంతంగా పుట్టి ఉంటాయి. ఆ తర్వాత డేటా కోసం నెలకు రెండు రోజులు డ్యూటీ చార్టులోనే కేటాయించాలి. ఆదివారాలు కాదు. విభాగాధిపతులకు ఇది కష్టమే, మనుషులు చాలరు. అయినా ఎవరికీ అక్కర్లేని యాభై కేసుల కోసం ఇప్పుడు వృథా అవుతున్న గంటల కంటే ఇవి తక్కువే.

గడువు మార్చడం యూనివర్సిటీ చేతిలో ఉంది, టైం పడుతుంది. కాలేజీ స్థాయిలో మనమే చేయగలిగింది ఒకటుంది. సినాప్సిస్ ఫారంలో గైడ్ సంతకం పైన ఒక గడి కలపండి: ఈ జవాబు ఎవరికి కావాలి? పేరు, హోదా రాయాలి. అట్రోపిన్ నిమిషాల థీసిస్ అయితే క్యాజువాలిటీ మెడికల్ ఆఫీసర్. గుండెపోటు ఆలస్యాల థీసిస్ అయితే జిల్లా వైద్య ఆరోగ్యాధికారి. ఉద్దానం అయితే అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు. పీజీ ముందే వెళ్లి ఆ మనిషితో మాట్లాడి, ఆయన సంతకం తేవాలి. థీసిస్ యూనివర్సిటీకి వెళ్లిన రోజే అందులోని సారాంశం రెండు పేజీలు ఆయనకూ వెళ్లాలి, చదివానని ఆయన మళ్లీ సంతకం పెట్టాలి. గడిలో రాయడానికి ఎవరి పేరూ దొరకకపోతే ప్రశ్న మార్చుకోవాలి. దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. కాలేజీ పరిశోధన కమిటీ ఒక్క సమావేశంలో తీర్మానం చేస్తే చాలు. ఈ ఏడాది ఫస్టియర్ల సినాప్సిస్‌లు ఇంకా డీటీపీ షాపుకు వెళ్లలేదని విన్నాను.